99 దగ్గర ఇరుక్కున్న తేమ శాతం: పాత ఇంటి వాతావరణ కేంద్రంలో సెన్సర్ మార్చడం ఎలా

బారువ నుంచి భావనపాడు, కళింగపట్నం మీదుగా ఇటు పూసపాటిరేగ, భోగాపురం దాకా, సముద్రానికి దగ్గరగా పెట్టిన ఇంటి వాతావరణ కేంద్రాల్లో అన్నిటికన్నా ముందు పోయేది తేమ సెన్సర్. గాలి వేగం కొలిచే గిన్నెలు కిర్రుమంటూనే ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాన కొలిచే తొట్టెలో ఆకులు తీసేస్తే మళ్లీ పనిచేస్తుంది. తేమ సెన్సర్ మాత్రం మూడో వానాకాలానికో నాలుగో వానాకాలానికో 99.9 చూపించడం మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండలో కూడా దిగిరానని మొండికేస్తుంది.

కారణం ఉప్పుగాలి. సెన్సర్ లోపల నీటి ఆవిరిని పీల్చుకునే సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. పొర పీల్చుకున్న చెమ్మను బట్టి దాని కెపాసిటెన్స్ (విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే గుణం) మారుతుంది, చిప్ దాన్నే శాతంగా లెక్కగడుతుంది. ఆ పొర మీద కంటికి కనిపించనంత ఉప్పు చేరితే చాలు. గాలిలో తేమ 75 శాతం దాటగానే వంట ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి గనక అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. అంటే సెన్సర్ కొలిచేది గాలిని కాదు, తన నెత్తిన ఉన్న ఉప్పునీటిని. మన తీరంలో తేమ 75 దాటని రోజులు ఏడాదిలో ఎన్నుంటాయి? బొబ్బిలి, గజపతినగరం వైపు లోపలి ఊళ్లలో ఇదే సెన్సర్ ఎక్కువ కాలం బతకడానికీ ఇదే కారణం.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

ఇళ్లలో, బడుల్లో కనిపించేవి మూడు రకాలు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే, లోపల డిస్‌ప్లే పెట్టుకునే చవక రకంలో తేమ సెన్సర్ బయటి ట్రాన్స్‌మిటర్ బోర్డు మీదే అతికి ఉంటుంది. దాన్ని విప్పి చిప్ మార్చే పని పెట్టుకోవద్దు, మొత్తం ట్రాన్స్‌మిటర్ మార్చడమే నయం. కొనేటప్పుడు పాత పెట్టె వెనక ఉన్న ఫ్రీక్వెన్సీ (433, 868 లేదా 915 మెగాహెర్ట్జ్) సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డిస్‌ప్లే దాన్ని వినదు. రీఛార్జబుల్ సెల్స్ 1.2 వోల్టులవి, రెండు కలిపితే 2.4. కొన్ని ట్రాన్స్‌మిటర్లు దాన్ని సెల్స్ అయిపోయినట్టే లెక్కేస్తాయి. సెన్సర్ పోయిందనుకునే ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసి చూడండి.

రెండోది ఖరీదైన కంపెనీ రకం. ఇందులో సెన్సర్ విడిగా చిన్న బోర్డు మీద ఉండి, వైరుతో పెద్ద బోర్డుకు తగులుకుంటుంది. కంపెనీ ఇచ్చే విడిభాగమే వేయండి. పాత తరం బోర్డుల మీద ఎస్‌హెచ్‌టీ11, ఎస్‌హెచ్‌టీ15 చిప్‌లు ఉండేవి. వాటికీ కొత్త తరం చిప్ ఎస్‌హెచ్‌టీ31కీ రెండేసి వైర్లే అయినా మాట్లాడే పద్ధతి వేరు. ఎస్‌హెచ్‌టీ11 తనదైన పద్ధతిలో మాట్లాడుతుంది, ఎస్‌హెచ్‌టీ31 ఐటూసీ అనే, చాలా చిప్‌లు వాడే పద్ధతిలో. ఒకదాని చోట ఇంకొకటి సోల్డర్ చేసినంత మాత్రాన పనిచేయదు.

మూడోది చేత్తో కట్టుకున్నది. నోడ్‌ఎంసీయూ బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటిది), తేమనూ ఉష్ణోగ్రతనూ కొలిచే డీహెచ్‌టీ22 సెన్సర్ (దీన్నే ఏఎం2302 అని కూడా అమ్ముతారు), మొక్కల కుండీల కింద పెట్టే పళ్లేలను ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన తెల్ల గూడు. విద్యార్థులు, ఔత్సాహికులు పెట్టుకున్న పాత కేంద్రాల్లో ఈ రకం చాలా కనిపిస్తుంది. ఇక్కడ వివరంగా చెప్పేది ఈ రకంలో డీహెచ్‌టీ22 తీసి ఎస్‌హెచ్‌టీ31 పెట్టడం గురించే. పరీక్షలు, గూడు సంగతులు మాత్రం మూడిటికీ వర్తిస్తాయి.

సెన్సరే పోయిందా, ఇంకేమైనానా?

కొత్తది కొనేముందు ఒక లెక్క వేసుకోండి. 100లోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించి, ఉష్ణోగ్రతలోంచి తీసేస్తే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దాదాపుగా వస్తుంది. తేమ 50 పైన ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే పనికొస్తుంది. 34 డిగ్రీలు, 65 శాతం అయితే డ్యూ పాయింట్ 27. మే నెలలో మన తీరానికి అది మామూలు సంగతే. అదే మీ యంత్రం 34 డిగ్రీలు, 99 శాతం అంటోందంటే డ్యూ పాయింట్ 34 దగ్గర ఉందని అర్థం. బంగాళాఖాతం పైనీరే ఎండాకాలంలో 30 డిగ్రీల అటూ ఇటూ ఉంటే, దాని మీంచి వచ్చే గాలికి 34 డిగ్రీల డ్యూ పాయింట్ ఎక్కడిది? అలాంటి అంకె కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు, సెన్సర్ పని అయిపోయినట్టే.

అంకె అంత అసంభవంగా లేనప్పుడే చిక్కు. ఆరేడు శాతం ఎక్కువ చూపిస్తోందని అనుమానం ఉందనుకోండి. ఒకేలాంటి రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బల్బుకు గంజి లేకుండా ఉతికిన పలుచని నూలుగుడ్డ చుట్టి, బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్‌తో తడపండి. నీడలో, టేబుల్ ఫ్యాన్ ముందు ఐదు నిమిషాలు ఉంచి రెండూ చూడండి. పొడిది 32, తడిది 28 ఉంటే తేమ 74 శాతం. తేడా నాలుగు డిగ్రీలు ఉండగా మీ సెన్సర్ 90 అంటోందంటే నమ్మక్కర్లేదు. మిగతా అంకెలకు సైన్స్ పుస్తకాల్లోని తడి–పొడి బల్బుల పట్టిక చూసుకోవచ్చు. కళింగపట్నంలో వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి తీసే రీడింగులతో పోల్చవచ్చు గానీ, మీ ఊరు పదిహేను ఇరవై కిలోమీటర్లు లోపలికి ఉంటే సాయంత్రపు అంకె కలవదు. సముద్రపు గాలి ఎంతదాకా వచ్చిందన్న దాన్ని బట్టి అది మారిపోతుంది. 8.30 అంకెకు ఎక్కువ విలువ ఇవ్వండి.

రోజుల తరబడి ముసురు పట్టిన తర్వాత రెండు మూడు శాతం ఎక్కువ చూపిస్తే కంగారు పడొద్దు. 80 శాతం పైన తేమలో 60 గంటలు ఉంటే మంచి సెన్సర్ కూడా తాత్కాలికంగా 3 శాతం దాకా పైకి జరగొచ్చని ఎస్‌హెచ్‌టీ3 వరస చిప్‌ల డేటాషీట్‌లోనే రాసి ఉంది. ఎండ కాసి గాలి ఆరాక నెమ్మదిగా అదే దిగుతుంది. ముసురులో కొలిచి సెన్సర్ మార్చేస్తే మంచిదాన్ని పారేసినట్టవుతుంది.

ఇక అంకె రాకుండా ఖాళీగా వస్తుంటే, లేదా కాసేపు వచ్చి కాసేపు పోతుంటే అది వైరు జబ్బు, సెన్సర్ జబ్బు కాదు. పెట్టె తెరిచి చూస్తే జంపర్ వైర్ల కొనల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఒక్కో వైరూ ఇటు కొన నుంచి అటు కొనకు చూడండి. ఒక ఓమ్ దాటి చూపిస్తోందంటే ఆ తగులు పోయినట్టే. కరెంటు ఇచ్చి సెన్సర్ కాళ్ల దగ్గరే వోల్టేజి చూడండి. బోర్డు దగ్గర 3.3 ఉండి సెన్సర్ దగ్గర 2.9 ఉంటే దారిలో ఎక్కడో తింటోంది. డేటా వైరుకూ పాజిటివ్‌కూ మధ్య 4.7 నుంచి 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉండాలి. చాలా డీహెచ్‌టీ22 మాడ్యూళ్ల మీద అది ముందే ఉంటుంది, నాలుగు కాళ్ల ఉత్త సెన్సర్‌కు మాత్రం విడిగా వేయాలి.

ఉష్ణోగ్రత కూడా మధ్యాహ్నం పూట రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందా? అప్పుడు ముందు గూడును చూడండి. పళ్లేలు పసుపెక్కి, మసి పట్టి, మధ్యలో సాలెగూళ్లు, కుమ్మరి పురుగుల మట్టిగూళ్లు ఉంటే ఏ సెన్సర్ పెట్టినా అంతే.

ఏవి కొనాలి

ఎస్‌హెచ్‌టీ31 మాడ్యూల్ ఒకటి. వీలైతే చిప్ మీద తెల్లటి చిన్న పొర (పీటీఎఫ్ఈ ఫిల్టర్) అతికి ఉన్నది తీసుకోండి. ఆవిరిని లోపలికి పోనిస్తుంది, నీటి బొట్టునూ ఉప్పు ధూళినీ ఆపుతుంది. కోస్తాలో ఉండేవాళ్లకు ఈ ఒక్కటీ మిగతా అన్నిటికన్నా ముఖ్యం. తేమను 2 శాతం అటూ ఇటూగా, ఉష్ణోగ్రతను 0.2 డిగ్రీ అటూ ఇటూగా కొలుస్తుంది. డీహెచ్‌టీ22 ఉష్ణోగ్రతలో అర డిగ్రీ దాకా తేడా వస్తుంది. ఇత్తడి పొడిని అదిమి చేసిన బొంగులాంటి టోపీతో వచ్చే మాడ్యూళ్లు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ తీరంలో అవి నీళ్లు పట్టి ఉంచుతాయి, చిలుము పడతాయి, పొద్దున్న మంచు ఆరిపోయిన గంట తర్వాత కూడా 98 అంటూ కూర్చుంటాయి. వద్దు.

నాలుగు పోగుల వైరు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, వేడిని తట్టుకునే కాప్టన్ టేపు, బోర్డుల మీద పూసే కన్ఫార్మల్ కోటింగ్, న్యూట్రల్ రకం సిలికోన్, నల్ల కేబుల్ టైలు (తెల్లవి ఎండకు ఏడాదిలో పెళుసెక్కి విరిగిపోతాయి), స్టెయిన్‌లెస్ స్క్రూలు. స్క్రూలు 316 రకం దొరికితే మంచిది. 304 రకానికి సముద్రం పక్కన గోధుమరంగు మరకలు పడతాయి, అయినా పనికొస్తుంది. జింకు పూత స్క్రూలు మాత్రం వద్దు, మరోసారి విప్పాల్సి వచ్చినప్పుడు తల అరిగిపోయి చేతికొస్తాయి.

సిలికోన్ కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగర్ వాసన వేసేది కిటికీలకు, బాత్‌రూమ్‌లకు వాడేది. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది రాగిని తింటుంది, ఆ ఆవిరి సెన్సర్ పొరలో చేరి అంకెను మార్చేస్తుంది. కొత్త సెన్సర్ పెట్టిన వారానికే తప్పు చూపించే కేసుల్లో మొదట అనుమానించాల్సింది ఈ సిలికోన్‌నే. గోళ్ల రంగు, థిన్నర్, పెట్రోలు కూడా సెన్సర్ దగ్గరికి రానివ్వద్దు. గులాబీ రంగు యాంటీస్టాటిక్ కవర్లలో, ఫోమ్‌లో ఎక్కువకాలం నిల్వ ఉంచినా ఇదే బాధ. కొన్నవెంటనే తీసి గాలి తగిలే అట్టపెట్టెలో పెట్టండి.

వైరు పొడవే అసలు మెలిక

పాత డీహెచ్‌టీ22కు ఒకే డేటా వైరు, పది మీటర్ల దూరంలో ఉన్నా కష్టం లేకుండా పనిచేసేది. అందుకే చాలామంది నోడ్‌ఎంసీయూని ఇంట్లో పెట్టి, వైరును డాబా మీదికి లాగి ఉంటారు. ఎస్‌హెచ్‌టీ31 ఐటూసీ పద్ధతిలో మాట్లాడుతుంది. ఆ పద్ధతి ఒకే బోర్డు మీది చిప్‌ల కోసం పుట్టింది, పొడవు వైర్లంటే దానికి పడదు. అర మీటరు లోపు అయితే నిశ్చింత. ఒక మీటరు దాకా కూడా సాధారణంగా నడుస్తుంది. మూడు మీటర్ల లోపు అయితే ప్రోగ్రామ్‌లో వేగాన్ని 100 కిలోహెర్ట్జ్ నుంచి 10కి తగ్గించి, రెండు సిగ్నల్ వైర్లకూ 2.2 కిలో ఓమ్స్ పుల్‌అప్ రెసిస్టర్లు (సిగ్నల్ వైరుకూ పాజిటివ్‌కూ మధ్య వేసేవి) పెట్టి ప్రయత్నించవచ్చు. నెట్‌వర్క్ కేబుల్ వాడితే ఒక మెలిజతలో ఎస్‌డీఏ (డేటా వైరు)తో గ్రౌండ్, ఇంకో జతలో ఎస్‌సీఎల్ (క్లాక్ వైరు)తో పాజిటివ్ వెళ్లాలి. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండింటినీ ఒకే జతలో మెలిపెడితే ఒకదాని సిగ్నల్ ఇంకొకదాంట్లో దూరుతుంది.

అంతకన్నా దూరమైతే నోడ్‌ఎంసీయూనే గూడు దగ్గరికి మార్చండి, ఇంట్లోంచి కరెంటు వైరు మాత్రం లాగండి. అదీ కుదరదనుకుంటే మళ్లీ డీహెచ్‌టీ22నే పెట్టుకుని, మూడేళ్లకోసారి మార్చుకోవడం మేలు. పనిచేయని మంచి సెన్సర్ కన్నా పనిచేసే మామూలు సెన్సర్ నయం కదా.

మార్చే పని

వాన లేని, గాలి ఆరిన రోజు చూసుకోండి. సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి చివరి దాకా మన వైపు ఈ పనికి అనువైన కాలం. అక్టోబరు తుఫానుల సీజన్ దాకా ఆగి, వాయుగుండం కబురు వచ్చాక మొదలుపెట్టొద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే తీరం దాటాయి, 2021లో గులాబ్ సెప్టెంబరు చివర్లో కళింగపట్నం దగ్గర దాటింది. అప్పుడు అంకెలు కావాలనుకుంటే జనవరిలోనే సిద్ధం కావాలి.

మొదట బల్ల మీద, పాత యంత్రాన్ని ముట్టుకోకుండానే, కొత్త మాడ్యూల్‌ని పరీక్షించండి. మాడ్యూల్ పాజిటివ్ కాలును నోడ్‌ఎంసీయూ 3వీ3 పిన్‌కి, గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి, ఎస్‌సీఎల్‌ని డీ1కి, ఎస్‌డీఏని డీ2కి కలపండి. పాజిటివ్‌ని 5 వోల్టుల విన్ పిన్‌కి ఇవ్వొద్దు. చిప్ 5.5 దాకా తట్టుకుంటుంది గానీ, మాడ్యూల్ మీది పుల్‌అప్ రెసిస్టర్ల ద్వారా ఆ 5 వోల్టులు నోడ్‌ఎంసీయూ పిన్నుల మీద పడతాయి. ఐటూసీ స్కానర్ ప్రోగ్రామ్ నడిపితే చిరునామా హెక్స్ 44 అని రావాలి. ఏడీడీఆర్ కాలు పాజిటివ్‌కు కలిపి ఉంటే 45 వస్తుంది. ఒత్తిడి కోసం పెట్టిన బీఎంఈ280 ఇప్పటికే అదే వైర్ల మీద ఉన్నా గొడవ లేదు, దాని చిరునామా 76 లేదా 77. బీఎంఈ280 పెట్టె లోపలే ఉండనివ్వండి. గాలి ఒత్తిడి లోపలా బయటా ఒకటే. అది చూపే తేమను మాత్రం పట్టించుకోవద్దు, బోర్డు వేడికి తప్పుతుంది.

డీ1, డీ2 పిన్నులు ఇప్పటికే వాన తొట్టెకో గాలి గిన్నెలకో ఇచ్చేసి ఉంటే, ప్రోగ్రామ్‌లో ఐటూసీని డీ5, డీ6కి మార్చుకోవచ్చు. డీ3, డీ4, డీ8 జోలికి పోవద్దు. బోర్డు మొదలయ్యేటప్పుడు వాటి స్థితిని చూసుకుంటుంది, అక్కడ ఏదైనా లాగితే కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం లేవదు. మన ఊళ్లలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో చెప్పక్కర్లేదు. డీ0 అసలు ఐటూసీకి పనికిరాదు.

ఎస్‌హెచ్‌టీ31 లోపల చిన్న హీటర్ ఉంది. దాన్ని ప్రోగ్రామ్‌తో ఒక నిమిషం వేసి చూడండి. ఉష్ణోగ్రత కొద్దిగా ఎక్కి, తేమ శాతం దిగితే చిప్ బతికే ఉందని నమ్మకం. ఆ తర్వాత హీటర్ ఆపేయడం మరిచిపోవద్దు.

బల్ల మీద సరిగ్గా వచ్చాక సోల్డరింగ్. ముందు చిప్ కన్ను (గాలి లోపలికి పోయే రంధ్రం) మీద కాప్టన్ టేపు ముక్క అతికించండి. ఫిల్టర్ పొర ఉన్నా సరే, అతికించండి. ఫ్లక్స్ పొగ నేరుగా దాని మీదికి పోకూడదు. ఒక్కో కాలు మీద ఐరన్ మూడు సెకన్లకు మించి ఉంచొద్దు. గుచ్చే జంపర్ వైర్లు బయట వాడొద్దు, నేరుగా బోర్డుకే సోల్డర్ చేసి స్లీవ్ వేయండి. ఉప్పుగాలిలో గుచ్చిన తగులు ఒక వానాకాలం కూడా నిలవదు. సోల్డరింగ్ అయ్యాక స్పిరిట్‌తో కడిగే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క బోర్డును వదిలేయండి.

టేపు అలాగే ఉంచి, చిప్ చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలి, మిగతా బోర్డంతా, సోల్డర్ చుక్కల మీద కూడా కన్ఫార్మల్ కోటింగ్ పలుచగా రెండు సార్లు పూయండి. ఒక రాత్రి ఆరనిచ్చి, తర్వాత టేపు తీయండి. కోటింగ్ చిప్ కన్ను మీద పడిందంటే ఆ మాడ్యూల్ ఇక పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు గూడు విప్పండి. పళ్లేల మధ్య పొడవాటి మర కడ్డీలు ఉంటాయి, కింది నట్లు విప్పితే పళ్లేలు వరసగా వస్తాయి. ఏది పైన, ఏది కింద అన్నది పెన్నుతో అంకె వేసుకోండి, అన్నీ ఒకేలా కనిపించినా రంధ్రాలు తేడాగా ఉంటాయి. కందిరీగల పట్టు ఉందేమో ముందు కర్రతో తట్టి చూడండి. పళ్లేలను బట్టల సబ్బుతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, నీడలో ఆరబెట్టండి. పసుపెక్కి పెళుసెక్కినవి మార్చేయండి.

కొత్త సెన్సర్‌ను గూడు మధ్యలో, చిప్ నేల వైపు చూసేలా కట్టండి. ఏ పళ్లేనికీ అది ఆనకూడదు, చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. వైరు గూడులోంచి కిందికి దిగి, చిన్న వంపు తిరిగి, ఆపైన పెట్టె వైపు ఎక్కాలి. వానచుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. లేకపోతే నీరు వైరు వెంటే నడిచి పెట్టెలోకి వెళ్తుంది. నోడ్‌ఎంసీయూ పెట్టెను గూడు లోపల పెట్టొద్దు, వైఫై చిప్ వేడికి ఉష్ణోగ్రత పెరుగుతుంది, దాంతో తేమ తగ్గి కనిపిస్తుంది. కనీసం ఇరవై సెంటీమీటర్ల దూరంలో, గూడుకు కింద కాకుండా పక్కన బిగించండి.

పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి సిలికా జెల్ సంచి పడేయడం చాలామంది చేసే పని. కోస్తా తేమకు ఆ సంచి వారాల్లోనే నిండిపోతుంది. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక చెమ్మగాలి లోపలికి వస్తుంది, అది బయటికి పోయే దారి లేక చుక్కలవుతుంది. పెట్టె అడుగున మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టి, చీమలు రాకుండా లోపలి నుంచి సన్నని స్టీలు జల్లెడ అంటించండి. వైర్లు వచ్చే గ్లాండ్లు కిందికి చూడాలి.

ఉప్పు డబ్బా పరీక్ష

దీన్ని వైర్లు సోల్డర్ చేసి కోటింగ్ ఆరాక, గూడులో బిగించే ముందు చేయాలి. లీటరు గాజు సీసా, మూత గట్టిగా పట్టేది. మూతలాంటి చిన్న గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తడి ఇసుకలా చేయండి. పైన నీరు తేలితే ఎక్కువైనట్టే, ఇంకాస్త ఉప్పు కలపండి. సీసా అడుగున ఆ గిన్నె, దాని పైన తగలకుండా వేలాడే సెన్సర్. వైరు బయటికి వచ్చే చోట టేపుతో మూసేయండి. సీసాకు దుప్పటి చుట్టి, ఎండ, ఫ్యాన్ గాలి తగలని మూల పన్నెండు గంటలు వదిలేయండి. 25 డిగ్రీల దగ్గర లోపల తేమ 75.3 శాతం ఉంటుంది, 30 డిగ్రీల దగ్గర 75.1. ఉష్ణోగ్రత మారినా అంకె కదలదు గనకే ఇంట్లో చేయడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

ప్యాకెట్‌లో వచ్చే శుద్ధి చేసిన ఉప్పే వాడండి. నౌపడ మడుల్లోంచి వచ్చే కల్లుప్పు కూరకు బ్రహ్మాండం, ఈ పనికి కాదు. అందులో మిగిలిన మెగ్నీషియం లవణం లోపలి తేమను 75 కన్నా కిందికి లాగుతుంది, మీరు మంచి సెన్సర్‌ని తప్పు పడతారు.

73 నుంచి 78 మధ్య వస్తే ఏమీ దిద్దకుండా అలాగే వదిలేయండి. అంతకన్నా తేడా ఉంటే రెండో కొలత కావాలి. మెగ్నీషియం క్లోరైడ్‌తో ఇదే పద్ధతిలో చేస్తే 32.8 శాతం వస్తుంది. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే ప్రోగ్రామ్‌లో ఆ అంకె తీసేస్తే సరి. 75 దగ్గర 79, 33 దగ్గర 34 అని వచ్చిందనుకోండి, అప్పుడు ఒకే అంకె తీస్తే కుదరదు. రీడింగ్‌లోంచి 34 తీసి, 42.5తో గుణించి, 45తో భాగించి, 32.8 కలపాలి. 60 అని వచ్చిన చోట అసలు 57.4 అవుతుంది. కొత్త సెన్సర్‌కే ఇంత దిద్దుబాటు కావాల్సి వస్తే దాన్ని వెనక్కి పంపడమే మంచిది. పాతదాన్ని కూడా అదే సీసాలో పెట్టి చూడండి. అది ఎంత తప్పు చూపుతోందో తెలిస్తే గత నెలల రికార్డులో ఎక్కడి నుంచి నమ్మకూడదో తేలుతుంది.

పాత సెన్సర్ ఇంకా ఏదో ఒక అంకె ఇస్తూ ఉంటే రెండింటినీ ఒక వారం పక్కపక్కనే నడపండి. మార్చిన తేదీ, గంట, ఏది తీసి ఏది పెట్టారు అన్నది డేటా ఫైలులోనే రాసుకోండి. లేదంటే రెండేళ్ల తర్వాత గ్రాఫ్ చూసినవాళ్లు మీ ఊళ్లో ఫిబ్రవరిలో తేమ ఒక్కసారిగా 8 శాతం పడిపోయిందని అనుకుంటారు.

ప్రోగ్రామ్‌లో డీహెచ్‌టీ22 లైబ్రరీ తీసి ఎస్‌హెచ్‌టీ31 లైబ్రరీ పెట్టడం కష్టమేమీ కాదు. నిమిషానికోసారి చదివితే చాలు. చదవడం విఫలమైతే పాత అంకెనే మళ్లీ పంపకుండా ఖాళీ పంపేలా రాయండి. పాత అంకె పంపే ప్రోగ్రామ్ వల్లే సెన్సర్ చచ్చిపోయిన సంగతి నెలల తరబడి తెలియకుండా పోతుంది.

స్తంభం దగ్గర ఉండగానే

గూడు నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, మట్టి లేదా గడ్డి మీద ఉండాలని ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి. డాబా మీద తప్ప చోటు లేకపోతే స్లాబుకు కనీసం మీటరున్నర పైన, పిట్టగోడకూ వాటర్ ట్యాంకుకూ దూరంగా పెట్టండి. వేసవి సాయంత్రాలు స్లాబు వేడి తగులుతూనే ఉంటుంది, ఆ అంకెలను అలాగే చదువుకోవాలి.

వాన తొట్టెను కూడా ఒకసారి చూసేయండి. గరాటు వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో కట్టి, ఒక్కో ఒంపుకు ఎన్ని మిల్లీమీటర్లో దానితో గుణించి, పదితో భాగిస్తే ఒక ఒంపుకు పట్టాల్సిన నీరు మిల్లీలీటర్లలో వస్తుంది. 16 సెంటీమీటర్ల అడ్డుకొలత, 0.2 మిల్లీమీటర్ల ఒంపు అయితే 4 మిల్లీలీటర్లు. సిరంజితో 100 మిల్లీలీటర్లు నెమ్మదిగా పోస్తే 25 ఒంపులు రావాలి. తొట్టె ఒంగుతున్నా అంకె రాకపోతే ఒంపులను లెక్కపెట్టే రీడ్ స్విచ్ (అయస్కాంతంతో పనిచేసే చిన్న గాజు స్విచ్) పగిలిందేమో చూడండి.

తర్వాత పెద్ద పనేమీ ఉండదు. వానాకాలానికి ముందోసారి, తుఫాను దాటిన ప్రతిసారీ గూడు పళ్లేలను మంచినీళ్లతో కడగాలి. ఫిల్టర్ పొర ఉన్న సెన్సర్ మీద డిస్టిల్డ్ వాటర్ నాలుగు చుక్కలు వేసి ఉప్పు కరిగి జారిపోనివ్వాలి, తుడవకూడదు, ఊదకూడదు. పొర లేని సెన్సర్ మీద నీళ్లు వేయొద్దు. ఉప్పు డబ్బా పరీక్ష ఏడాదికోసారి, జనవరిలో. ఆ నెలలో పొలాల మీద పొగమంచు దట్టంగా పట్టిన తెల్లవారుజామున సెన్సర్ 97కి పైన చూపించాలి, ఎండెక్కాక పది గంటలకల్లా దిగిపోవాలి. ఎక్కి దిగకపోయినా, అసలు ఎక్కకపోయినా సీసా, ఉప్పు మళ్లీ బయటికి తీయాల్సిందే.